రెండో డ్రైవరు

మా అన్నయ్య మనవరాలు శ్రావణి గ్రేటర్ నోయిడాలో చదువు ముగించి, సాకేత్‌లో కార్లు అద్దెకిచ్చే కంపెనీ ఒకదానిలో చేరింది. చేరిన వారానికి మా ఇంటికొచ్చి, "తాతయ్యా, మీరూ ఇదే జాబ్ కదా? ఫోన్ లేదు, మ్యాప్ లేదు, ఆప్ లోగ్ కర్తే క్యా థే?" అని అడిగింది. దాని తెలుగు ఎప్పుడూ సగం దారిలో దిగిపోయి హిందీ బండి ఎక్కేస్తుంది.

"తాళంచెవి ఇచ్చేవాళ్లం, సాయంత్రానికి తిరిగి పుచ్చుకునేవాళ్లం," అన్నాను.

"బస్? అంతేనా?"

అంతే అన్నాను. అది వెళ్లిపోయాక సిగ్గేసింది. పద్దెనిమిదేళ్లు చేసిన పని గురించి ఒక పిల్ల నోరు తెరిచి అడిగితే ఒక్క ముక్కలో తేల్చి పంపాను. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించీ, ఫారాల గురించీ రాయను. అవి నాకే విసుగు, దానికి ఇంకా విసుగు. నాకు పని నేర్పిన మనుషుల గురించీ, నేను చేసిన ఒక తప్పు గురించీ మాత్రం రాస్తాను.

తాళంచెవికి ముందు ఒక చక్కర్

మాది తెనాలి. మా ఆవిడ విశాలాక్షికి ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది, సరోజినీ నగర్‌లో క్వార్టరు ఇచ్చారు. ఆవిడ వెనకాల పెట్టెలతో పాటు నేనూ దిగాను. తెనాలిలో మోటారు విడిభాగాల దుకాణంలో పనిచేసిన అనుభవం చూసి, జన్‌పథ్ దగ్గర ఒక కార్ల కంపెనీ వాళ్లు నన్ను కౌంటర్లో కూర్చోబెట్టారు.

తొంభైల మొదట్లో మా కంపెనీ ఒక కొత్త ముచ్చట మొదలుపెట్టింది. విదేశాల నుంచి సెలవులకు వచ్చినవాళ్లకి డ్రైవరు లేకుండా ఉత్త కారు ఇవ్వడం. అప్పటిదాకా అద్దెకారంటే డ్రైవరుతోనే. ఆ డ్రైవర్లు తాజ్‌మహల్ చూపిస్తామని తీసుకెళ్లి ముందు తివాచీల దుకాణం చూపించేవాళ్లు. దాంతో విసిగినవాళ్లు, మా దేశంలో మేమే నడుపుకుంటాం, ఇక్కడా నడుపుకుంటాం అంటూ వచ్చేవాళ్లు. అందులో సగం మంది మధ్యాహ్నానికల్లా తాళంచెవి కౌంటరు మీద పెట్టేసి, ఎవరైనా డ్రైవరుంటే పంపమని అడిగేవాళ్లు. వాళ్లని చూసి నవ్వుకునేవాణ్ణి. అది నా చిన్నతనం.

తాళంచెవి ఇచ్చే ముందు మేం పక్కన కూర్చుని ఒక చక్కర్ కొట్టించాలి. ఈ పద్ధతి నాకు నేర్పింది యాదగిరి. నల్గొండ పక్కవాడు, మిలిటరీలో ట్రక్కులు నడిపి రిటైరై మా దగ్గర సీనియర్ డ్రైవరుగా ఉండేవాడు. మొదటి వారం నేను కస్టమర్లని ఇండియా గేటు చుట్టూ ఒకసారి తిప్పించి పాస్ చేసేస్తుంటే, నాలుగు రోజులు చూసి ఊరుకుని, అయిదో రోజు అన్నాడు.

"సార్, గీడ ఎవ్వడైనా నడుపుతడు. ముంగటి బండి ఎటు పోతే అటు పోతడు. ఖాళీ రోడ్డు మీద జూడుండ్రి. అసలు మనిషి ఆడ బయటవడ్తడు."

నేను చెవిన వేసుకోలేదు. ఆ వారంలోనే ఒక జర్మన్ ఇంజనీరు వచ్చాడు. ఇండియా గేటు దగ్గర బస్సుల మధ్య, స్కూటర్ల మధ్య కారుని పాములా తిప్పాడు. ముచ్చటేసింది. సరదాకి రిడ్జ్ గుట్టల మీది అడవి రోడ్డుకి తీసుకెళ్లాను. అక్కడ మలుపు తిరిగాక ముందూ వెనకా ఒక్క బండి లేదు. ఆయన హాయిగా ఈల వేసుకుంటూ కుడివైపుకు పోయి, అటు పక్కనే నడుపుతున్నాడు. ఎదురుగా మిలిటరీ ట్రక్కు వస్తోంది. నేను స్టీరింగు పట్టుకుని లాగాను. ఆయన నా మొహం చూసిన తీరు ఇప్పటికీ మరిచిపోలేను. ఇంట్లో నిద్రపోతున్నవాణ్ణి ఎవరో పరాయివాడు తట్టి లేపితే అలా చూస్తారు. ఆ కాసేపూ ఆయన ఢిల్లీలో లేడు. తన ఊళ్లో ఉన్నాడు.

రద్దీలో మనిషి చుట్టూ చూసి నడుపుతాడు. ఖాళీ రోడ్డు మీద చేతులు వాటి పాత అలవాటుకి అవి వెళ్లిపోతాయి. ఈ ఒక్క సంగతీ బుర్రలో పెట్టుకుంటే శ్రావణికి చాలు, మిగతాదంతా కంప్యూటరు చూసుకుంటుంది.

ఇంకొకటి కూడా ఉంది. కుడివైపు నడిపే దేశాలవాళ్లు మన కారు దగ్గరికి వచ్చి ముందుగా ఎడమ తలుపు తీస్తారు. కూర్చుంటారు, స్టీరింగు కోసం చేతులు చాపుతారు, అక్కడ ఏమీ ఉండదు. వాళ్లూ నవ్వుతారు, మేమూ నవ్వుతాం. యాదగిరి మాత్రం ఎప్పుడూ నవ్వలేదు.

మల్హోత్రా సాబ్

మా మేనేజరు మల్హోత్రాకి ఈ చక్కర్ గిట్టేది కాదు. "శాస్త్రీజీ, గెస్టుకి పరీక్ష పెడతామా? ఆయనేమన్నా ఎనిమిదో క్లాసు పిల్లాడా?" అనేవాడు. నేను శాస్త్రిని కాను, శేషగిరిరావుని. కళ్లజోడుతో, నుదుట కుంకుమతో వచ్చే మద్రాసీలందరూ ఆయనకి శాస్త్రీజీలే.

చెడ్డవాడు కాదు. తన పిల్లల్ని ఎంత ముద్దు చేసేవాడో కస్టమర్లనీ అంతే ముద్దు చేసేవాడు. ఎదుటివాడికి కాదని చెప్పడం చేతకాదు. ఇలాంటి బాసు కింద పని చాలా సుఖంగా ఉంటుంది, ప్రమాదం కూడా ఆ సుఖంలోనే ఉంటుంది. కాదని చెప్పాల్సినప్పుడు మన వెనక ఎవరూ ఉండరు. ఆయనకున్న ఆ జబ్బు నాక్కూడా ఉందని తెలియడానికి ఒక జనవరి నెల పట్టింది.

ఆ జనవరిలో జరిగినదాని తరవాత నన్ను కౌంటరు నుంచి తీసేసి రెండు నెలలు గరాజ్‌లో కూర్చోబెట్టారు. అన్యాయం అని మా ఆవిడతో అన్నాను. ప్రభుత్వ ఫైళ్ల మధ్య బతికే మనిషి కదా, "చూడకుండా సంతకం పెట్టింది మీరే కదండీ, మరి అన్యాయం ఎవరిది?" అంది. ఆ తరవాత ఆ మాట ఎత్తలేదు.

ఇద్దరి పేర్లు, ఒక్క మనిషి

జనవరిలో ఢిల్లీ పొగమంచు సంగతి అక్కడ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ రోజు తొమ్మిదింటికి కూడా మా కౌంటరు అద్దంలోంచి ఎదురు ఫుట్‌పాత్ కనిపించలేదు. అందులోంచి ఒక పెద్దావిడ వచ్చింది. హాలండ్ నుంచి. అరవై అయిదేళ్లు ఉంటాయి. పొట్టి తెల్ల జుట్టు, నీలం కోటు, చాలా మర్యాదైన మనిషి. యోహన్నా అందాం, ఆవిడ భర్తని పీటర్ అందాం. అసలు పేర్లు వేరు.

నాలుగు నెలల కిందట ఫ్యాక్స్‌లో బుక్ చేశారు. ఒక తెల్ల మారుతీ కారు, వారం రోజులు, డ్రైవర్లు ఇద్దరు. ఇద్దరి ఇంటర్నేషనల్ లైసెన్సులూ తెచ్చింది. రెండూ సరిగ్గా ఉన్నాయి, రెండింటికీ ఇంకా గడువుంది.

"సార్ రాలేదా?" అన్నాను.

"పొద్దున్నపూట ఆయనకి మోకాళ్లు సహకరించవు. ఊళ్లో నేను నడుపుతాను, ఊరు దాటాక ఆయన నడుపుతాడు. నలభై ఏళ్లుగా ఇంతే," అంది.

నడిపే ప్రతి మనిషినీ కళ్లతో చూసి, చక్కర్ కొట్టించి, ఆ తరవాతే సంతకం పెట్టాలి. అది రూలు. ఒకసారి తీసుకురమ్మని అడిగాను. ఆవిడ నవ్వి ఊరుకుంది. రెండోసారి అడిగాను. మూడోసారి నోరు రాలేదు. పెద్దావిడని పట్టుకుని మీ ఆయన ఏడీ, మీ ఆయన ఏడీ అని పదేపదే అడగడం మన ఇళ్లలో పెరిగినవాడికి చేతకాదు. అది శుభం కాదన్నట్టు నాలుక దానంతటదే ఆగిపోతుంది. మల్హోత్రా గదిలోంచి తల బయటపెట్టి, "జానే దో శాస్త్రీజీ, ముసలివాళ్లు," అన్నాడు. నేను రెండో డ్రైవరు గళ్లో 'చూశాను, పరీక్షించాను' అన్నచోట సంతకం పెట్టేశాను. నా ఉద్యోగం మొత్తంలో నేను రాసిన అబద్ధం అదొక్కటే.

ఆవిడతో చక్కర్‌కి వెళ్లాను. ఎప్పటిలాగే ముందు ఎడమ సీటు తలుపు తీయబోయాను. ఆవిడ నా మోచేయి పట్టుకుని ఆపింది.

"వెనక కూర్చుంటారా? అది ఆయన సీటు."

విచిత్రంగా అనిపించింది. విదేశీయుల చాదస్తాలు చాలా చూశాను కనక వెనక కూర్చున్నాను. ఆవిడ బాగా నడిపింది. నడుపుతూ మధ్య మధ్య ఎడమవైపు తల వంచి, తన భాషలో ఒకటి రెండు మాటలు మెల్లగా అనేది. దారి గుర్తుపెట్టుకుంటోంది అనుకున్నాను. ఒకసారి నాతో ఇంగ్లీషులో, "క్లచ్ గట్టిగా ఉందంటున్నాడు పీటర్," అంది. మన కార్ల గురించి హోటల్లో ఇద్దరూ మాట్లాడుకుని ఉంటారు అనుకున్నాను. మనిషికి ఏదో ఒకటి అనుకోవడం ఎంత సులువో చూడండి.

రిడ్జ్ మీదికి వచ్చాం. పొగమంచులో చెట్లు కూడా లేవు. ముందు బండి లేదు. నేను చూస్తుండగానే కారు కొంచెం కొంచెంగా కుడికి జరగడం మొదలుపెట్టింది. నేను ముందుకు వంగి చెప్పబోయేలోపు ఆవిడ ఉలిక్కిపడి, ఎడమ సీటు వైపు చూసి, "యా, యా," అని తల ఊపి, బండిని ఎడమకి తెచ్చేసింది. ఎవరో మందలిస్తే దిద్దుకున్నట్టు. నేను ఒక్క మాట కూడా అనలేదు.

తప్పు తనే దిద్దుకుంది కనక పాస్ చేశాను.

వెళ్లేముందు ఆవిడ సోహ్నా మీదుగా అల్వర్ పోతామని రాసిచ్చింది. అద్దంలోంచి చూస్తున్నాను. కారెక్కి, ఎడమ సీటు బెల్టు లాగి, ఖాళీ సీటు మీదుగా జాగ్రత్తగా బిగించింది. సర్దింది. తరవాతే తన బెల్టు పెట్టుకుంది.

యాదగిరి నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "ఇద్దరని రాసిన్రు గదా సార్. ఇంకొకాయన ఏడున్నడు?"

"హోటల్ దగ్గర ఎక్కుతాడట."

"మరి ఆ బెల్టు ఎవరికి గట్టింది?"

మంచు ఆ కారుని పది గజాల్లో మింగేసింది.

మూత కింద మొహం

పదకొండింటికి వేరే కస్టమరు పాస్‌పోర్టు జిరాక్స్ తీయడానికి మెషీను మూత ఎత్తాను. అద్దం మీద పీటర్ ఉన్నాడు. ఆయన లైసెన్సు, ఫొటో పైకి చూస్తూ. పొద్దున నేనే చివరగా వెనకవైపు కాపీ తీసి అందులో మరిచిపోయాను. వెడల్పు నుదురు, ఒక పక్కకి మాత్రమే నవ్వే నోరు. నన్ను చాలాసేపటి నుంచి కనిపెట్టుకుని ఉన్నట్టు చూస్తున్నాడు. మూత వదిలేశాను.

రోడ్డు మీద పోలీసులు ఆపితే ఆయన దగ్గర లైసెన్సు ఉండదు కదా అని హోటల్‌కి ఫోన్ చేశాను. రిసెప్షన్ అమ్మాయికి సంగతి చెప్పి, మిస్టర్ పీటర్ బయల్దేరారా అని అడిగాను.

"ఏ మిస్టర్ పీటర్ సార్? మేడమ్ అకేలీ ఆయీ హై. సింగిల్ రూమ్."

"ఇద్దరూ వచ్చారని..."

"నహీఁ సార్. ఆయన పోయారు. అక్టోబర్లో. టికెట్లు అప్పటికే కొనుక్కున్నారట, ఒక్కతే వచ్చేసింది. మొదటి రోజే మాతో చెప్పింది, బేచారీ."

రిసీవరు పెట్టేశాను. భర్త పోయిన మనిషి ఆయన పేరు చెప్పుకుని కారు తీసుకుందంటే అది నేరం కాదు, దుఃఖం. అది కాదు నన్ను భయపెట్టింది. పొద్దున ఆవిడ అన్న మాట. ఊళ్లో నేను నడుపుతాను, ఊరు దాటాక ఆయన నడుపుతాడు.

యాదగిరిని పిలిచి అంతా చెప్పాను, సంతకం సంగతితో సహా. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇలా అడిగాడు.

"సార్, వాళ్ల దేశంల స్టీరింగు ఏ పక్కకుంటది?"

"ఎడమపక్క."

"అంటే ఆయన నడిపేటప్పుడు ఎడమదిక్కు కూసుంటడు. ఆమె కుడిదిక్కు. గంతేనా?"

"అంతే."

"నలభై ఏండ్లు ఆమె కుడిదిక్కు కూసొని నిద్రవోయింది సార్. ఇప్పుడు గూడ కుడిదిక్కే ఉన్నది."

మన కారులో డ్రైవరు సీటు ఆవిడ ఒంటికి డ్రైవరు సీటు కాదు. నడిపేవాడు ఎడమపక్కన ఉన్నాడు, బెల్టు కూడా పెట్టుకున్నాడు. ఇక ఈవిడ చేతులు దేనికి?

మల్హోత్రాకి కూడా చెప్పలేదు. ఇంకో కారు తీసుకుని ఇద్దరం బయల్దేరాం.

సోహ్నా రోడ్డు

అప్పటి గుర్గావ్ ఇప్పటిది కాదు. ఊరు దాటితే ఆవపొలాలు, తుమ్మచెట్లు, మధ్యలో ఒక సన్నని రోడ్డు. పన్నెండు దాటినా మంచు తేలలేదు. ఎండ ఎక్కడో ఉంది, తెల్లటి వెలుతురుగా తెలుస్తోంది తప్ప ఏమీ కనిపించదు. ఏ నిమిషాన రోడ్డు పక్కన నుజ్జయిన తెల్ల కారు కనిపిస్తుందో అని కళ్లు మూయకుండా చూస్తున్నాను.

బాద్‌షాపూర్ దగ్గర ఒక టీ దుకాణం. తలపాగా చుట్టుకున్న ముసలాయన్ని అడిగాం.

"హాఁ జీ, ఆగారు. గంటైంది. మేమ్‌సాబ్ రెండు చాయ్‌లు తీసుకుంది. ఒకటి తనకి, ఒకటి కార్లో సాబ్‌కి."

"సాబ్‌ని మీరు చూశారా?"

"దిగలేదు. మేమ్‌సాబ్ కిటికీలోంచి అందించింది. ఏదో మాట్లాడుకుంటున్నారు." ఆయన బల్ల వైపు చూపించాడు. రెండు గ్లాసులున్నాయి. ఒకటి ఖాళీ. రెండోది నిండుగా, పైన మీగడ కట్టి ఉంది. "సాబ్ తాగలేదు. మా చాయ్ నచ్చలేదేమో."

యాదగిరి వచ్చి బండిలో కూర్చున్నాడు. నేను దయ్యాల్ని నమ్మను, అప్పుడూ నమ్మలేదు. కానీ ఆ గ్లాసు చూశాక మా ఇద్దరికీ వెనక సీటు వైపు తిరిగి చూడాలని అనిపించలేదు.

సోహ్నాకి కొంచెం ముందు ఎడమకి ఒక రోడ్డు దమ్‌దమా చెరువుకి పోతుంది. ఆ మలుపు దగ్గర ఒక కానిస్టేబులు చలిమంట వేసుకుని కూర్చున్నాడు. తెల్ల మారుతీ అనగానే తల ఊపాడు.

"చెరువు వైపు పోయింది. మెల్లగా, నడిచే మనిషంత మెల్లగా పోయింది. గోరా సాబ్ నడుపుతున్నాడు. మేమ్‌సాబ్ చేతులు ఒళ్లో పెట్టుకుని నిద్రపోతోంది."

"ఏ పక్కన కూర్చుంది?"

కుడిచెయ్యి ఎత్తాడు. "ఈ పక్కన."

"స్టీరింగు ఆ పక్కనే కదా ఉంటుంది?"

"అరే, విలాయతీ మనుషుల బండి. వాళ్లకి స్టీరింగు ఎడమపక్క," అన్నాడు, నా అజ్ఞానానికి జాలిపడుతూ.

"ఎడమపక్క సాబ్‌ని చూశారా మీరు?"

"చూడ్డానికేముంది? బండి నడుస్తోంది కదా. ఎవరో ఒకరు నడుపుతుంటారు."

నేను కౌంటర్లో చేసిందీ అదే. కాగితం సరిగ్గా ఉంది కదా, ఎవరో ఒకరు ఉంటారు అనుకున్నాను.

ఆ చెరువు రోడ్డు తిన్నగా కట్ట మీదికి వెళ్లి ఆగిపోతుంది. మొదటి గేరులో వదిలేసిన కారు కాలు పెట్టకపోయినా పాకుతూ పోతుందని నాకు తెలుసు. ఎంతసేపు పోతుందో, ఎక్కడ ఆగుతుందో మాత్రం తెలియదు. యాదగిరి ఆ దారిలో ఎంత వేగంగా నడిపాడో నేను చూడలేదు, నీళ్ల కోసమే చూస్తున్నాను.

దమ్‌దమా చెరువు గట్టు

కారు ఉంది. రోడ్డుకి కుడివైపు దిగి, కట్ట వాలులో ముక్కు కిందికి పెట్టి నిలబడి ఉంది. ముందు చక్రాలకీ నీళ్లకీ మధ్య నాలుగు అడుగులు. నీళ్లెక్కడ మొదలయ్యాయో, మంచెక్కడ ఆగిందో తేడా తెలియడం లేదు. ఇంజన్ ఆగిపోయి ఉంది. ఒక పక్షి కూడా కూయడం లేదు.

ఆవిడ కుడి సీట్లో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. నేను కిటికీ దగ్గర వంగగానే గుర్తుపట్టి, "అనవసరంగా ఇంత దూరం వచ్చారు," అంది.

ముందు చక్రాల వైపు చూశాను. "ఎలా ఆగిందమ్మా బండి?"

"పీటర్ ఆపాడు. నేను కళ్లు మూసుకున్నాను. ఊరు దాటాక నేనెప్పుడూ నిద్రపోతాను. బ్రేకు లాగిన చప్పుడికి మెలకువ వచ్చింది."

రెండు సీట్ల మధ్య హ్యాండ్‌బ్రేకు చూశాను. పూర్తిగా పైకి లాగి ఉంది. తరవాత దాన్ని దించడానికి యాదగిరికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. నిద్రలో భయపడ్డ మనిషికి అంత బలం వస్తుందని డాక్టర్లు చెబుతారు. వస్తుందనే నేనూ అనుకుంటాను. పగటిపూట అలాగే అనుకుంటాను.

"మేడమ్, మిస్టర్ పీటర్..." అని మొదలుపెట్టాను.

"తెలుసు. పాతిపెట్టినప్పుడు నేనక్కడే ఉన్నాను. నాకు పిచ్చి లేదు." ఆవిడ గొంతులో కోపం లేదు. "ఇంట్లో ఎక్కడా లేడు. మంచం మీద లేడు, కుర్చీలో లేడు. పొద్దున మీ కారు ఎక్కగానే పక్కన ఉన్నాడు. నలభై ఏళ్లు పక్కన కూర్చున్న మనిషి ఉన్నదీ లేనిదీ నాకు తెలియదా?"

దిగమన్నాను. వాలు మంచిది కాదు, ఏ క్షణమైనా జారుతుంది అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నేను దిగితే ఆయన్ని ఇక్కడ ఒక్కణ్ణే నీళ్ల ముందు వదిలేసినట్టు అవుతుంది. ఆ పని అక్టోబర్లో ఒకసారి చేశాను. మళ్లీ చేయను."

మట్టి వాలు, తడిసిన గడ్డి, బెల్టు కట్టుకుని కూర్చున్న మనిషి. ఏం చెప్పాలో తెలియక నేను బతిమాలడం మొదలుపెట్టాను. రూల్సు చెప్పాను, పోలీసుల్ని పిలుస్తానన్నాను, చివరికి ఏడుపు గొంతుతో నా ఉద్యోగం పోతుందని కూడా అన్నాను. అన్నందుకు ఇప్పటికీ సిగ్గే. ఆవిడ జాలిగా వింది, కదల్లేదు.

అప్పుడు యాదగిరి కారు చుట్టూ తిరిగి ఎడమ తలుపు దగ్గరికి వెళ్లాడు. స్వెట్టరు కిందికి లాక్కుని, మడమలు దగ్గరకి చేర్చి, ఆ ఖాళీ సీటుకి సెల్యూట్ కొట్టాడు. మిలిటరీ హిందీలో గట్టిగా అన్నాడు. "సాబ్, డ్యూటీ బదిలీ. బండిని ఇక్కడిదాకా క్షేమంగా తెచ్చారు. ఇక్కణ్ణించి మేమ్‌సాబ్ బాధ్యత నాది."

"ఏమంటున్నాడు?" అని ఆవిడ నన్నడిగింది.

మాటకి మాట ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ యాదగిరిని పరీక్షగా చూసింది, మేం కస్టమర్లని చూస్తామే, అలా. తరవాత ఎడమవైపు తల వంచి చాలాసేపు వింది. నేను కూడా విన్నాను. గట్టుకి నీళ్లు తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"సరేనంటున్నాడు," అంది.

తన బెల్టు తీసింది. పక్క సీటు బెల్టు కూడా తీసి, నెమ్మదిగా దాని చోటికి పోనిచ్చింది. దిగి, కారు వెనకనుంచి తిరిగి వచ్చి, ఎడమ తలుపు బార్లా తెరిచి పట్టుకుని నిలబడింది. మోకాళ్లు నొప్పులున్న పెద్దమనిషి కారులోంచి దిగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. ఒకసారి ముందుకు వంగి మోచేయి ఆసరా కూడా ఇచ్చింది.

నేను ఆ తలుపుకి ఎదురుగా, దారికి అడ్డంగా నిలబడి ఉన్నాను. ఆవిడ తలెత్తి నా వైపు చూసింది. నేను పక్కకి జరిగాను.

"థాంక్యూ," అంది.

నా ముందునుంచి గట్టు వెంబడి, మంచులోకి, ఆవిడ చూపు నడకంత నిదానంగా సాగి సాగి ఒకచోట ఆగిపోయింది. ఆ తరవాత ఆవిడే ఆ ఎడమ సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

యాదగిరి కుడి సీట్లో కూర్చుని కారుని వెనక్కి నడిపి కట్ట మీదికి తెచ్చాడు. మేం వచ్చిన బండిని చెరువు చౌకీదారుకి అప్పగించి, నేను వెనక ఎక్కాను. సోహ్నా రోడ్డు ఎక్కేదాకా ఆవిడ ఊపిరి బిగబట్టుకుని ఉంది. తరవాత ఏడవడం మొదలుపెట్టింది. అక్టోబరు నుంచీ దాచుకున్నదంతా ఏడ్చింది. అంత మంచులో ఎదుటి బండికి తెలియాలంటే అడుగడుక్కీ హారన్ మోగించాలి. గుర్గావ్ దాకా యాదగిరి లైట్లు వేసుకుని, కిటికీలోంచి తల బయటపెట్టి చూసుకుంటూ నడిపాడు గానీ, ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు.